బ్యాగులో పెట్టేముందు

ఈ నెల న్యాయ సలహా శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే వస్తువు గురించి: కరెంటు షాక్ కొట్టే స్టన్ గన్. ఆగస్టు సెమిస్టర్‌కి పిల్లలు విమానం ఎక్కే రోజులు కదా, తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఆ చిన్న పరికరం మీదికి చేరినట్టుంది. విజయవాడ కోర్టుల్లో ముప్పై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. ఆయుధం పక్కన పెట్టుకుంటే ధైర్యం వస్తుందని నమ్మినవాళ్లనీ చూశాను, ఆ ఆయుధం వల్లే ముద్దాయిలుగా బోనెక్కినవాళ్లనీ చూశాను. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. మా అమ్మాయి ఎంఎస్ చదవడానికి చికాగో వెళ్తోంది. అక్కడ సాయంత్రాలు ఏదైనా పని చూసుకుంటే రాత్రి పదకొండుకి రూముకి చేరాల్సి వస్తుందని సీనియర్లు చెప్పారట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి టార్చిలైటులా ఉండే స్టన్ గన్ కొన్నాను. డబ్బా మీద 20 లక్షల వోల్టులని రాసి ఉంది. డాలస్‌లో ఉండే మా అన్నయ్య కొడుకు, "అత్తా, ఇక్కడ ఇది మామూలే, లైసెన్సు కూడా అక్కర్లేదు, చెక్-ఇన్ బ్యాగులో పడెయ్" అన్నాడు. పెట్టొచ్చా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు లేచి దాన్ని సూట్‌కేసులోంచి తీసేయండి. తర్వాత కూర్చుని మిగతాది చదవండి.

మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. అతను ఉన్న చోటికి ఆ మాట నిజమే. టెక్సస్‌లో స్టన్ గన్ ఉంచుకోవడానికి లైసెన్సు అడగరు. అమెరికా లోపల తిరిగే విమానాల్లో కూడా, పొరపాటున ఆన్ కాకుండా కట్టుదిట్టం చేసి చెక్-ఇన్ బ్యాగులో పెడితే అక్కడి భద్రతా సంస్థ టీఎస్ఏ ఒప్పుకుంటుంది. కానీ మీ అమ్మాయి ఎక్కేది శంషాబాద్‌లో, దిగేది చికాగోలో. ఈ రెండు చోట్లా ఆ మాట చెల్లదు.

శంషాబాద్ సంగతి ముందు చెబుతాను. అంతర్జాతీయ విమానాలకి ప్రమాదకర వస్తువుల పట్టిక ఒకటి ఉంది, దాన్ని దాదాపు అన్ని ఎయిర్‌లైన్స్ పాటిస్తాయి. లిథియం బ్యాటరీ గానీ, గ్యాస్ గొట్టం గానీ ఉన్న షాక్ ఆయుధాలు ఆ పట్టిక ప్రకారం చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్‌లోనూ నిషిద్ధం. పెప్పర్ స్ప్రే కూడా అంతే. అమెరికా లోపల మాత్రం 118 మిల్లీలీటర్లకు మించని పెప్పర్ స్ప్రే డబ్బా ఒకటి చెక్-ఇన్‌లో పెట్టుకోనిస్తారు. అక్కడ ఏళ్లుగా ఉన్న మనవాళ్లు ఆ అలవాటు కొద్దీ "పెట్టేయండి" అంటుంటారు.

ఈ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం మా అక్క మనవరాలు చదువుకి వెళ్తుంటే, అచ్చం మీలాగే భయపడి, టార్చి రూపంలో ఉన్నదాన్ని స్వెటర్ల మధ్య దూర్చాను. లగేజీ ఎక్స్‌రేలో పట్టుబడింది. పిల్లని లోపలి గదికి పిలిచి, బ్యాగు విప్పించి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గేటు మూసే పది నిమిషాల ముందు వదిలారు. బయట ఉన్న మాకు ఏమీ తెలియదు. ఆ పిల్ల విమానంలోంచి ఏడుస్తూ మెసేజ్ పెట్టింది. చట్టం చదివిన నేను ఒక్క ఎంక్వైరీ కూడా చేయకుండా పసిదాన్ని ఆ స్థితిలోకి నెట్టాను. ఆ రాత్రి మొదలుపెట్టాను ఈ విషయం చదవడం.

ఇక చికాగో. అది ఇల్లినాయ్ రాష్ట్రం. అక్కడ బహిరంగ ప్రదేశాల్లో స్టన్ గన్ పట్టుకెళ్లడంపై ఉన్న నిషేధాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019 మార్చిలో కొట్టేసింది. ఈ సగం వార్తే మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మిగతా సగం ఏమిటంటే, ఇల్లినాయ్‌లో తుపాకీకి కావలసిన ఫాయిడ్ కార్డే స్టన్ గన్‌కీ, దూరంనుంచి ముళ్లు విసిరే టేజర్‌కీ కావాలి. ఆ కార్డు స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఇవ్వరు. వేట లైసెన్సు ఉన్నవాళ్లలాంటి కొందరికి మినహాయింపులున్నాయి, అవి మీ అమ్మాయికి పనికొచ్చేవి కావు. అంటే అదే వీధిలో, అదే వస్తువు, ఆ కార్డున్న పక్కింటి అమెరికన్ అమ్మాయి పర్సులో ఉంటే చట్టబద్ధం, మన పిల్ల పర్సులో ఉంటే నేరం. చట్టం "అనుమతించింది" అని ఎవరైనా చెప్పినప్పుడు "ఎవరికి" అని అడగడం నేను మా జూనియర్లకి మొదటి రోజే నేర్పుతాను. వీసా మీద ఉన్నవాళ్లకి అరెస్టు అంటే జరిమానా కట్టి ఇంటికి రావడం కాదు, తర్వాత ప్రతి దరఖాస్తులోనూ దానికి జవాబు చెప్పుకోవాలి.

అమెరికాలో ఈ చట్టాలు రాష్ట్రానికో రకంగా ఎందుకున్నాయో అర్థం కావాలంటే ఒక కేసు తెలియాలి. ఆ కేసు చదివినప్పుడు నాకు మన జిల్లా కోర్టుల్లో చూసిన ఆడవాళ్లు ఎందరో గుర్తొచ్చారు.

జైమీ కెటానో అనే ఆవిడ మసాచుసెట్స్‌లో ఉండేది. మాజీ ప్రియుడు కొట్టి ఆసుపత్రి పాలు చేశాడు. దగ్గరికి రాకూడదంటూ అతని మీద కోర్టు ఉత్తర్వులు ఒకటికి మించి తెచ్చుకుంది. ఆ కాగితాలు అతన్ని ఆపలేదు. అతను ఆమెకన్నా దాదాపు అడుగు పొడుగు, 45 కిలోల బరువు ఎక్కువ. ఒక స్నేహితుడు స్టన్ గన్ ఇస్తే తీసుకుంది. ఒక రాత్రి పని ముగించుకుని బయటికొచ్చేసరికి అతను కాపు కాసి ఉన్నాడు, అరవడం మొదలుపెట్టాడు. ఆమె నిలబడి ఆ పరికరం చూపించింది. వాడలేదు, చూపించింది, అంతే. అతను వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడో ఒక సూపర్ మార్కెట్ దగ్గర దొంగతనం అనుమానంతో పోలీసులు ఆమె పర్సు వెతికితే అది బయటపడింది. ఆ రాష్ట్రంలో అప్పటికి స్టన్ గన్ పూర్తిగా నిషేధం. ఆమెని దోషి అన్నారు. ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు కూడా, ఆయుధాలు ఉంచుకునే హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగం రెండో సవరణ రాసిన 18వ శతాబ్దంలో స్టన్ గన్‌లు లేవు కాబట్టి ఆ సవరణ ఇచ్చే రక్షణ వీటికి లేదంది.

2016 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసి మళ్లీ విచారించమంది. అప్పట్లో లేని ఆయుధమన్న కారణం చెల్లదంది. అక్కడినుంచి ఒక్కొక్క నిషేధమూ కదిలింది. 2017లో న్యూజెర్సీ, రాజధాని వాషింగ్టన్ నగరం సడలించాయి. 2018లో మసాచుసెట్స్ కోర్టే తన రాష్ట్ర నిషేధాన్ని కొట్టేసింది, ఆ తర్వాత అక్కడ లైసెన్సు పద్ధతి వచ్చింది. 2022లో రోడ్ ఐలండ్ నిషేధం కోర్టులో పడిపోయింది. అదే ఏడాది నుంచి హవాయిలో శిక్షణ, వయసు షరతులతో అనుమతించారు. న్యూయార్క్‌లో మాత్రం 2019లో ఒక ఫెడరల్ కోర్టు నిషేధం రాజ్యాంగ విరుద్ధమన్నా, చట్టం పుస్తకంలో అలాగే ఉంది, న్యూయార్క్ నగరానికి వేరే నిషేధమూ ఉంది. అందుకని ఆ నగరంలో ఉండే పిల్లలు దాని జోలికి పోవద్దు. కాలిఫోర్నియాలో పెద్దవాళ్లు కొనుక్కోవచ్చు, నేర చరిత్ర ఉన్నవాళ్లకి వీల్లేదు, 16 దాటిన మైనర్లకి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇవన్నీ దాటినా యూనివర్సిటీ క్యాంపస్ నిబంధనలు విడిగా ఉంటాయి. రాష్ట్రం ఒప్పుకున్నది హాస్టల్ గదిలో ఒప్పుకోకపోవచ్చు. క్యాంపస్ పోలీసులకి ఒక ఈమెయిల్ పెడితే జవాబిస్తారు, ఆ జవాబు దాచుకోమనండి.

మీరు కొన్న వస్తువు గురించి కూడా ఒక మాట. గాలిలో మిల్లీమీటరు దూరం నిప్పురవ్వ దూకాలంటే సుమారు 3 వేల వోల్టులు కావాలి. డబ్బా మీద రాసిన 20 లక్షలే నిజమైతే ఆ రవ్వ రెండడుగులు దూకాలి. మీ టార్చి మొనల మధ్య ఎడం ఎంతో కొలిచి చూడండి. అమెరికా పోలీసులు వాడిన టేజర్ ఎక్స్26 రకానికే 50 వేల వోల్టులని చెప్పేవారు, అది కూడా ఒంటిలోకి చేరేటప్పటికి 1,200 దగ్గరికి పడిపోతుందని తయారీదారే చెప్పాడు. ఆ టేజర్ తీగలు కట్టిన రెండు ముళ్లని దూరంనుంచి విసురుతుంది, అవి ఎడంగా గుచ్చుకుంటే కండరాలు బిగుసుకుపోతాయి. మీరు కొన్నది అలా కాదు, ఒంటికి ఆనించి నొక్కాలి. అంటే దుండగుడు చేతికందేంత దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. లాక్కుంటే అది అతని చేతిలో ఉంటుంది. నొప్పి పుట్టిస్తుంది గానీ మనిషిని పడేస్తుందన్న హామీ లేదు. ఆడపిల్ల ప్రాణానికి సంబంధించిన విషయంలో ఇలాంటి అంకెలు వేసి అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం.

మరి ఏం చేయాలి? ఇల్లినాయ్‌లో 18 ఏళ్లు నిండినవాళ్లు ఆత్మరక్షణకి పెప్పర్ స్ప్రే ఉంచుకోవచ్చు. అక్కడికి చేరాక, అక్కడి దుకాణంలోనే కొనుక్కోమనండి. క్యాంపస్‌లోకి తేవచ్చో లేదో అడగమనండి. చాలా యూనివర్సిటీల్లో రాత్రిపూట ఇంటిదాకా తోడు వచ్చే సర్వీసు ఉంటుంది, ఫోన్ చేస్తే చాలు. మనపిల్లలు మొహమాటపడి వాడుకోరు.

ఇంకొకటి, ఇది నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలే పని చేయాలి. మీరు రాసిన "ఏదైనా పని" బయటి దుకాణంలో అయితే అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అనుమతి లేని పని చేస్తున్నామన్న భయంతో, ఎవరైనా వెంటపడినా, డబ్బు లాక్కున్నా పిల్లలు పోలీసులకి చెప్పుకోరు. ఆ పని పెట్టుకోవద్దని చెప్పండి. ఒకవేళ పెట్టుకున్నా సరే, ఆపద వస్తే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించవద్దని గట్టిగా చెప్పండి. వీసా సంగతి తర్వాత ఎలాగైనా చూసుకోవచ్చు.

ప్రశ్న: అయ్యా/అమ్మా, మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చదువుతున్నాడు. ఖాళీ చేసి వెళ్లిపోయిన రూమ్మేటు ఒకడు మొబైల్ ఫోన్ ఆకారంలో ఉన్న షాక్ పరికరం వీడికి ఇచ్చి వెళ్లాడట. "రాత్రుళ్లు ధైర్యంగా ఉంటుంది నాన్నా" అంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా? - తెనాలి నుంచి ఒక తండ్రి

జవాబు: చాలా ఇబ్బంది ఉంది. ఈ ఉత్తరం నాకు చేరిన రోజే మీకు ఫోన్ చేయించాను, ఇతరుల కోసం ఇక్కడా రాస్తున్నాను.

బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్ ఆర్మ్స్ చట్టం, సెక్షన్ 5 కింద స్టన్ గన్ నిషిద్ధ ఆయుధం. తుపాకీల చట్టంలోకి కరెంటు ఎలా వచ్చిందంటే, హాని చేసే ద్రవం, వాయువు "లేదా మరో పదార్థం" వెదజల్లే ఆయుధం అని ఆ సెక్షన్‌లో ఉంది. కరెంటు అలాంటి పదార్థమేనా అన్న వాదన, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1988లో లార్డ్స్ అవునన్నారు. అప్పటినుంచి ఒంటికి ఆనించే చిన్న పరికరం కూడా అందులోకే వస్తుంది. ఉంచుకున్నందుకే పదేళ్ల దాకా జైలు. ఇంట్లో అలమారాలో ఉన్నా ఉంచుకున్నట్టే. వాడే ఉద్దేశం లేదన్నది జవాబు కాదు.

మీ అబ్బాయి దగ్గరున్నది ఇంకా పెద్ద సమస్య. మరో వస్తువులా కనిపించేలా చేసిన ఆయుధానికి అక్కడ కనీస శిక్షే ఐదేళ్లు, అసాధారణ పరిస్థితులున్నాయని జడ్జి ఒప్పుకుంటే తప్ప. మొబైల్ ఆకారం, టార్చి ఆకారం మనకి ముచ్చటగా కనిపిస్తాయి, అక్కడ ఆ ఆకారమే కేసుని బిగిస్తుంది.

వాడు దాన్ని జేబులో వేసుకుని పోలీసు స్టేషన్‌కి నడిచి వెళ్లకూడదు, దారిలో పట్టుబడితే చెప్పుకోవడం కష్టం. మరొకడికి ఇవ్వకూడదు, కొరియర్‌లో ఇండియాకి పంపకూడదు, చెత్తకుండీలో పడేయకూడదు. ముందు అక్కడి న్యాయవాది (సొలిసిటర్) ఒకరితో మాట్లాడి, వారి ద్వారా పోలీసులకి తెలియజేసి అప్పగించాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాలు న్యాయ సలహా ఉచితంగా ఇస్తాయి, అక్కడ మొదలుపెట్టమనండి. పెప్పర్ స్ప్రే కూడా బ్రిటన్‌లో ఇదే సెక్షన్ కింద నిషిద్ధం. ఉంచుకోదగినది గట్టిగా మోగే పర్సనల్ అలారం. అంతమాత్రాన ఎవరైనా మీద పడితే చేతులు కట్టుకుని నిలబడాలని కాదు. ఆ క్షణంలో అవసరమైనంత బలం వాడి కాపాడుకునే హక్కు అక్కడి చట్టంలోనూ ఉంది. ముందుగా ఆయుధం సిద్ధం చేసుకుని తిరగడాన్నే అది ఒప్పుకోదు.

ఆస్ట్రేలియాలో పిల్లలున్నవాళ్లు కూడా ఇద్దరు రాశారు. షాక్ పరికరం అక్కడా నిషిద్ధ ఆయుధమే, కస్టమ్స్‌లోనే పట్టుకుంటారు. పెప్పర్ స్ప్రే మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పెర్త్ ఉన్న వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఆత్మరక్షణకి ఉంచుకోవచ్చు, సిడ్నీలో అదే డబ్బా మీద కేసు పెడతారు.

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు, మీ మనవరాలి వయసుదాన్ని, "నువ్వు" అనే రాయండి. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తాను. విదేశాల సంగతి సరే, హైదరాబాద్‌లో నేను స్టన్ గన్ పెట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. పెప్పర్ స్ప్రేని మెట్రోలోకి రానిస్తారా? - ఒక ఉద్యోగిని

జవాబు: తల్లీ, ఆన్‌లైన్‌లో దొరకడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. దాడికి గానీ, రక్షణకి గానీ ఆయుధంగా తయారుచేసిన ఏ వస్తువైనా "ఆయుధం" అనే మాట కిందికి వస్తుందని అందులో నిర్వచనం. ఇంటి పనికీ, వ్యవసాయానికీ మాత్రమే చేసినవాటిని, లాఠీ, చేతికర్ర లాంటివాటిని పక్కన పెట్టింది. డబ్బా మీద "ఆత్మరక్షణ కోసం" అని పెద్దక్షరాలతో రాసి అమ్ముతున్నారు చూడు, ఆ మాట నిన్ను కాపాడదు, ఆ వస్తువుని నిర్వచనంలోకి లాగుతుంది. పోలీసు ఒకలా, జడ్జిగారు ఒకలా చదివే అవకాశమున్న వస్తువుని ఉద్యోగం చేసుకునే పిల్ల సంచిలో వేసుకుని తిరగడం నాకు ఇష్టం లేదు. కొనకు.

పెప్పర్ స్ప్రేకి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. 2019 డిసెంబరులో, శంషాబాద్ దగ్గర ఆ వెటర్నరీ డాక్టర్‌పై జరిగిన ఘోరం తర్వాత, మహిళా ప్రయాణికులు పెప్పర్ స్ప్రే తెచ్చుకోవచ్చని హైదరాబాద్ మెట్రో ప్రకటించింది. తనిఖీ దగ్గర అడిగితే దాచకుండా చూపించు.

స్ప్రే ఉంది కదా అని గొడవల్లో వాడకూడదు. 2024లో కర్ణాటక హైకోర్టు ముందుకి ఒక ఆస్తి తగాదా వచ్చింది. ఆత్మరక్షణకే కొట్టామన్నారు స్ప్రే వాడినవాళ్లు. ప్రాణానికి ముప్పు కనిపించలేదు, పెప్పర్ స్ప్రేని ప్రమాదకర ఆయుధంగా చూడవచ్చు, విచారణ జరగాల్సిందే అని హైకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఆటోవాడితో చిల్లర దగ్గర మాటామాటా పెరిగినప్పుడు తీసే వస్తువు కాదది.

నిజంగా మీద పడినప్పుడు మాత్రం చట్టం నీ పక్షాన ఉంది, ఇది ప్రతి ఆడపిల్లకీ తెలియాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలో అవే 96 నుంచి 106. అత్యాచారం చేయబోయినా, ఎత్తుకుపోబోయినా, యాసిడ్ పోయబోయినా ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకు ఎదిరించే హక్కుని 38వ సెక్షన్ ఇస్తుంది. అవసరానికి మించి హాని చేయకూడదన్నది 37వ సెక్షన్‌లోని హద్దు.

నా కెరీర్ మొదట్లో ఒక టైలరమ్మ కేసు వాదించాను. కొట్టు మూసే వేళ లోపలికొచ్చి తలుపేసిన మనిషిని గుడ్డ కత్తిరించే కత్తెరతో చేతి మీద పొడిచింది. అతను ముందు ఆసుపత్రికెళ్లి, తనే బాధితుణ్నని ఫిర్యాదు ఇచ్చాడు. ఆమె మీద కేసు నాలుగేళ్లు నడిచింది. గెలిచాం. ఎందుకు గెలిచామంటే గాయం ఒక్కటే ఉంది, అతను చెయ్యి వదలగానే ఆమె ఆగిపోయింది, పక్క కొట్టువాళ్లని కేకేసింది, ఆ రాత్రే స్టేషన్‌కి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ చివరి పని ఆమె మర్నాటికి వాయిదా వేసి ఉంటే నేను ఎంత వాదించినా తేలేది కాదేమో. కాబట్టి ఏదైనా జరిగితే ముందు 112కి నీ ఫోన్ వెళ్లాలి, అవతలివాడిది కాదు.

నైట్ షిఫ్ట్‌లో ఆడవాళ్లతో పని చేయించుకునే కంపెనీ ఇంటిదాకా రవాణా, భద్రత కల్పించాలన్నది ప్రభుత్వం పెట్టిన షరతు. మీ కంపెనీ క్యాబ్ గేటు దగ్గరే దించి పోతుంటే, మీ వీధి చివర వదిలేస్తుంటే, హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా అడుగు. నలుగురు అమ్మాయిలు కలిసి సంతకం పెట్టి ఇవ్వండి. 1,800 రూపాయల పరికరం కన్నా ఆ కాగితం మీద నాకు నమ్మకం ఎక్కువ.

ప్రశ్న: మా చెల్లెలు జర్మనీలో ఉంది. అక్కడ స్టన్ గన్ దుకాణాల్లోనే అమ్ముతున్నారని చెబుతోంది. ఇక్కడినుంచి పంపితే చవక కదా? - నెల్లూరు

జవాబు: పంపవద్దు. అక్కడ అమ్మేదానికీ ఇక్కడ దొరికేదానికీ తేడా ఒక ముద్ర. ఒంటికి ఆనించే షాక్ పరికరం ఆరోగ్యానికి హాని చేయదని పీటీబీ అనే జర్మన్ ప్రభుత్వ సంస్థ పరీక్షించి ముద్ర వేస్తే, 18 నిండినవాళ్లు కొనుక్కోవచ్చు. ఆ ముద్ర లేనిది నిషిద్ధం. దూరంనుంచి ముళ్లు విసిరే టేజర్ రకం 2008 నుంచి పౌరులకి పూర్తిగా నిషిద్ధం. ముద్ర ఉన్నదైనా సభల్లోకీ, ఉత్సవాల్లోకీ తీసుకెళ్లకూడదు. జంతువుల్ని తరిమేందుకు అని రాసి ఉన్న పెప్పర్ స్ప్రే అక్కడ మామూలుగానే దొరుకుతుంది, చాలామంది అదే ఉంచుకుంటారు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి హాంకాంగ్ మీదుగా కెనడాలోని వాంకూవర్ వెళ్తోంది. హాంకాంగ్‌లో నాలుగు గంటలే ఆగుతుంది, విమానాశ్రయం బయటికే పోదు. బ్యాగులు నేరుగా వాంకూవర్‌లోనే వస్తాయి. అలాంటప్పుడు హాంకాంగ్ చట్టంతో మాకేం పని? స్టన్ గన్‌తో సహా బ్యాగు సర్దడం కూడా అయిపోయింది. - రాజమండ్రి నుంచి ఒక తండ్రి

జవాబు: అన్నిటికన్నా నన్ను భయపెట్టిన ఉత్తరం మీదేనండి. ఒంటికి తగిలించినా, తగిలించకపోయినా, షాక్‌తో మనిషిని స్తంభింపజేసే చేతి పరికరం హాంకాంగ్ చట్టంలో "ఆయుధం". లైసెన్సు లేకుండా ఉంచుకుంటే గరిష్ఠ శిక్ష లక్ష హాంకాంగ్ డాలర్ల జరిమానా, 14 ఏళ్ల జైలు. అది విమానం మారేవాళ్లకీ వర్తిస్తుంది. లగేజీ విమానం మారేటప్పుడు ఎక్స్‌రేలో కనిపిస్తే మనిషిని వెతికి పట్టుకుంటారు. గరిష్ఠ శిక్ష అందరికీ పడదు నిజమే, కానీ తెలియని ఊళ్లో, లాయరు దొరికేదాకా, బెయిలు వచ్చేదాకా ఒక పిల్ల ఒంటరిగా ఎన్ని రాత్రులు గడపాలో ఆలోచించండి.

అది దాటి వాంకూవర్ చేరినా ఊరట లేదు. టేజర్ లాంటివి కెనడాలో నిషిద్ధం. ఆనించే షాక్ పరికరాలకి అక్కడ ఒక కొలత పెట్టారు: 480 మిల్లీమీటర్ల కన్నా పొట్టిదైతే నిషిద్ధ ఆయుధం. పశువుల్ని అదిలించే పొడవాటి కరెంటు కర్రలు రైతులకి దక్కేలా ఆ కొలత. పర్సులో పట్టేది ఏదైనా అంతకన్నా పొట్టిదే కదా. ఎలుగుబంట్ల కోసం అమ్మే స్ప్రేని కూడా మనుషుల మీద వాడటానికని పట్టుకు తిరిగితే నేరం.

వాంకూవర్ విమానాశ్రయం అనగానే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. రాబర్ట్ జెకాన్స్కీ అనే పోలండ్ దేశస్థుడు 2007 అక్టోబరులో తల్లి దగ్గరికి వచ్చి ఆ విమానాశ్రయంలో దిగాడు. ఇంగ్లిష్ రాదు. బయట ఎదురుచూస్తున్న తల్లి ఎక్కడుందో తెలియక గంటల తరబడి లోపలే తిరిగి, అలసిపోయి, అయోమయంలో పడ్డాడు. పోలీసులు వచ్చి టేజర్ ప్రయోగించారు. అక్కడే చనిపోయాడు. తర్వాత జరిగిన విచారణ, పోలీసులు టేజర్ వాడటం సమర్థనీయం కాదని తేల్చింది. ఇలాంటి పరికరం ఏం చేయగలదో ఆ దేశం తన విమానాశ్రయంలోనే చూసింది. కస్టమ్స్ అధికారి ముందు "చిన్న టార్చి" అని నచ్చచెప్పుకోవచ్చని మీ అమ్మాయి అనుకోకూడదు.

బ్యాగు సర్దడం అయిపోయిందన్నారు. ఇవాళే మళ్లీ విప్పించండి. పక్క జేబులు, మందుల డబ్బా, స్వెటర్ల మడతలు కూడా చూడండి. అత్తలు, పిన్నులు ప్రేమతో ఏమైనా దూర్చారేమో ఒక్కొక్కరినీ అడగండి. తీసింది ఇంట్లోనూ ఉంచుకోవద్దు, ఎక్కడ కొన్నారో అక్కడికే తిప్పి పంపండి. హాంకాంగ్ టికెట్ మార్చనక్కర్లేదు.